కవలలకు మాయ ఒక్కటే అయితే: ఏ వారం ఏ స్కాన్, రిపోర్టులో ఏం చూసుకోవాలి

కడుపులో ఇద్దరున్నారని తెలియగానే ఇంట్లో జంట అరటిపండు మాట వస్తుంది. ఆ వెంటనే కవలలు మీ వైపు ఉన్నారా, మా వైపు ఉన్నారా అన్న ఆరాలు మొదలవుతాయి. స్కాన్ గదిలో అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరు. మాయ ఒకటా, రెండా?

చెరో మాయ ఉంటే మామూలు కంటే కాస్త ఎక్కువ జాగ్రత్తతో నడిచిపోయే గర్భం. ఇద్దరికీ కలిపి ఒకటే మాయ అయితే పద్ధతే మారిపోతుంది. నెలకోసారి స్కాన్ సరిపోదు, రెండు వారాలకోసారి కావాలి. "ఇద్దరూ బాగున్నారు" అన్న మాట చాలదు, ఇద్దరికీ విడివిడిగా అంకెలు కావాలి. ఇక్కడ రాస్తున్నది ఈ రెండో రకం గర్భం మోస్తున్నవాళ్ల కోసం, వాళ్ల వెంట ఆసుపత్రికి వెళ్లేవాళ్ల కోసం. ప్రోబ్ పట్టుకునేది డాక్టరే. అయినా ఏ వారంలో ఏది కొలవాలో తెలిసినవాళ్లు అడిగి కొలిపించుకోగలరు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. అచ్చం ఒకేలా ఉండే కవలలందరికీ మాయ ఒకటే ఉండదు. ఒకే పిండం ఎప్పుడు రెండుగా చీలిందన్నదాన్ని బట్టి అది తేలుతుంది. మొదటి మూడు రోజుల్లో చీలితే రెండు మాయలు, రెండు ఉమ్మనీటి సంచులు. 4 నుంచి 8 రోజుల మధ్య చీలితే మాయ ఒకటే, సంచులు రెండు. రిపోర్టులో దీన్ని ఎంసీడీఏ అని రాస్తారు, ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంకా ఆలస్యమైతే మాయా ఒకటే, సంచీ ఒకటే. అది ఎంసీఎంఏ. 13 రోజులు దాటాక చీలితే అతుక్కుని పుట్టే అవకాశం ఉంటుంది. మొత్తం మీద ఒకే పోలిక కవలల్లో మూడింట రెండు వంతుల మంది ఒకే మాయ పంచుకుంటారు. ఐవీఎఫ్‌లో రెండు పిండాలు పెట్టించుకున్నాం, కాబట్టి మావి రెండు మాయలే అనుకునేవాళ్లుంటారు. పెట్టినవాటిలో ఒకటి నిలవకపోయి, రెండోది చీలి ఉండొచ్చు. చూసి తేల్చుకోవాల్సిందే.

11 నుంచి 14 వారాలు: మాయల లెక్క కాగితం మీదికి రావాలి

ఇది ఎన్‌టీ స్కాన్ చేసే సమయమే. మెడ వెనక నీరు కొలవడం, జన్యులోపాల పరీక్ష కోసం రక్తం తీయడం ఎటూ ఉంటాయి. కవలల విషయంలో వాటన్నిటికంటే ముందు మాయల సంగతి తేలాలి, ఎందుకంటే దీన్ని ఇంత స్పష్టంగా చూపించే సమయం మళ్లీ రాదు.

డాక్టర్ చూసేది రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోటు. మాయలు రెండైతే, అవి పక్కపక్కన ఆనుకుని ఒకటిలా కనిపిస్తున్నా, ఆ పొరల మధ్యకు మాయ కండ ముక్కోణంలా పైకి చొచ్చుకొస్తుంది. దాన్ని లాంబ్డా గుర్తు అంటారు. మాయ ఒకటే అయితే పల్చటి పొర నేరుగా వచ్చి మాయను నిటారుగా తాకుతుంది. అది టీ గుర్తు. రెండూ తెర మీద తేలిగ్గా చూపించగలిగినవే, అడిగితే మీకూ చూపిస్తారు.

14 వారాలు దాటాక లాంబ్డా గుర్తు చెరిగిపోతూ వస్తుంది. కొందరిలో ఇరవై వారాలకల్లా కనిపించకుండానే పోతుంది. అప్పుడు "గుర్తు లేదు కాబట్టి మాయ ఒకటే" అని చెప్పలేం. రెండు మాయలు అతుక్కుని ఒకటిలా కనిపించొచ్చు. ఒకే మాయ రెండు ముక్కలుగా కనిపించడమూ ఒక్కోసారి ఉంటుంది. మిగతా దేశాల్లో ఇలా ఆలస్యమైనప్పుడు ఇంకో ఆధారం వాడుకుంటారు. ఇద్దరిలో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మాయలు రెండే అని దాదాపు తేలిపోతుంది. మన దగ్గర 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం లింగం చెప్పడం నేరం. అందుకే ఆ ఆధారం మీ రిపోర్టులోకి రాదు. దాని కోసం డాక్టర్‌ని ఇబ్బంది పెట్టకండి. మూడో నెల స్కాన్‌ను వదులుకోకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

స్కాన్ అయ్యాక రిపోర్టు చేతికి రాగానే గదిలోంచి బయటికి వచ్చేయకండి. మాయ ఒకటో రెండో అన్న వాక్యం అందులో ఉందా చూడండి. "ట్విన్ ప్రెగ్నెన్సీ" అని మాత్రమే ఉంటే అక్కడే అడిగి రాయించుకోండి. పొర మాయను తాకే చోటు ఫొటో ఒకటి ఇవ్వమనండి. తర్వాత ఎవరైనా సందేహపడితే ఆ ఒక్క ఫొటోతో తేలిపోతుంది. ఈ సమయం దాటిపోయి, ఎవరూ ఖాయంగా చెప్పలేకపోతే మాయ ఒకటే అని అనుకుని దాని ప్రకారమే స్కాన్లు చేయించుకోవాలి. పద్ధతీ అదే. అనవసరంగా నాలుగు స్కాన్లు ఎక్కువ కావడంలో పోయేదేం లేదు.

ఇదే స్కాన్‌లో ఇంకో చిన్న పని ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. బిడ్డలకు ఎ, బి అని పేర్లు పెడతారు. ఏ బిడ్డ ఎ? "ఎడమ వైపు, కింద, బొడ్డుతాడు మాయ అంచున" లాంటి వివరం రాసి ఉంటేనే వచ్చే స్కాన్‌లో ఇంకో డాక్టర్ అదే బిడ్డను ఎ అంటారు. లేకపోతే ఒకసారి ఎ చిన్నగా, మరోసారి బి చిన్నగా కనిపించి, ఎవరి ఎదుగుదల ఆగిందో అర్థం కాకుండా పోతుంది.

వారాల లెక్క ఇద్దరిలో పొడుగ్గా ఉన్న బిడ్డ కొలతను బట్టి వేస్తారు. ఇద్దరి పొడవుల్లో 10 శాతం, లేదా మెడ వెనక నీటిలో 20 శాతం తేడా ఉంటే ఫీటల్ మెడిసిన్ డాక్టర్‌కు, అంటే కడుపులోని బిడ్డల సమస్యలు చూసే నిపుణులకు, చూపించండి. భయపడాల్సిన పని లేదు. ముందుగా కన్నేసి ఉంచడానికే.

16వ వారం నుంచి: రెండు వారాలకోసారి, కాన్పు దాకా

కాలెండర్ తీసి 16, 18, 20, 22 ఇలా కాన్పు దాకా తేదీలు గుర్తు పెట్టేయండి. ఒకే మాయ గర్భాలకు అంతర్జాతీయ అల్ట్రాసౌండ్ సంఘం, అమెరికా, ఇంగ్లండ్ మార్గదర్శకాలు మూడూ రెండు వారాలనే చెబుతాయి. చెరో మాయ ఉన్నవాళ్లకు నాలుగు వారాలకోసారి చాలు. పక్కింటి అమ్మాయికి కవలలప్పుడు నెలకోసారే చేశారు, నీకెందుకిన్ని అని ఎవరైనా అంటే జవాబు ఇదే.

ఇన్ని స్కాన్లు తీస్తే బిడ్డలకు మంచిది కాదేమో అని అత్తగారో అమ్మమ్మో అంటారు. అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు, ధ్వని తరంగాలు మాత్రమే. ఈ గర్భంలో అసలు ప్రమాదం రెండు స్కాన్ల మధ్య ఖాళీ ఎక్కువ కావడంలో ఉంది. 18వ వారంలో అంతా బాగున్న ఇద్దరు బిడ్డలు 22వ వారానికి చేయి దాటిపోయే స్థితిలో ఉండొచ్చు. అలా ఎందుకవుతుందో తెలిస్తే రిపోర్టులో ఏం వెతకాలో తెలుస్తుంది.

ఉమ్మనీరు, మూత్రసంచి: టీటీటీఎస్‌ను పట్టుకోవడం

ఒకే మాయలో ఇద్దరి రక్తనాళాలూ లోపల ఎక్కడో ఒకచోట కలిసే ఉంటాయి. ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా సాగినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఒకే కాలువ కింద రెండు మళ్లుండి, గట్టు తెగి నీళ్లన్నీ ఒక మడిలోకే పారితే ఒకటి ఎండి, ఇంకొకటి మునుగుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డలోకి ఎక్కువగా వెళ్తుంటుంది. ఇచ్చే బిడ్డకు రక్తం తగ్గి మూత్రం తగ్గుతుంది. నాలుగో నెల దాటాక ఉమ్మనీరు అంటే చాలావరకు బిడ్డ మూత్రమే. కాబట్టి ఆ సంచిలో నీరు ఇంకిపోతుంది. పుచ్చుకునే బిడ్డకు రక్తం ఎక్కువై గుండె మీద భారం పడుతుంది. మూత్రం ఎక్కువవుతుంది, ఆ సంచి ఉబ్బుతుంది. ఒకే మాయ ఉన్న గర్భాల్లో 10 నుంచి 15 శాతంలో ఇది వస్తుంది. ఎక్కువగా 16, 26 వారాల మధ్య. దీన్నే టీటీటీఎస్ అంటారు.

రిపోర్టులో ప్రతి బిడ్డకూ విడిగా 'డీవీపీ' అన్న అంకె ఉండాలి. కొందరు 'ఎస్‌డీపీ' అనీ, 'ఎంవీపీ' అనీ రాస్తారు. మూడూ ఒకటే, ఆ సంచిలో నీరు అన్నిటికంటే లోతుగా ఉన్న చోటి కొలత. ఒకరిది 2 సెం.మీ. కంటే తక్కువై, రెండోవారిది 8 సెం.మీ. దాటితే టీటీటీఎస్ కింద లెక్క. యూరప్‌లో 20 వారాల తర్వాత 8 బదులు 10 సెం.మీ. హద్దుగా పెట్టుకుంటారు. ఆ హద్దు గురించి డాక్టర్ల మధ్య వాదన ఉన్నా, 2 కంటే తక్కువ దగ్గర మాత్రం వాదన లేదు.

ఇక్కడ ఒక మాట. ఒక బిడ్డ గర్భాల్లో అలవాటుగా రాసే 'ఏఎఫ్ఐ' కవలల్లో పనికిరాదు. పొట్టను నాలుగు భాగాలు చేసి నీటిని కూడి రాసే అంకె అది. ఒక సంచి ఎండి, ఇంకో సంచి ఉబ్బి ఉన్నా కూడితే "నార్మల్" అనే వస్తుంది. మీ రిపోర్టులో రెండు సంచులకూ కలిపి ఒకే అంకె ఉంటే వెనక్కి ఇచ్చి విడిగా కొలవమనండి. మొహమాటపడకండి.

రెండో ఆనవాలు మూత్రసంచి. నీరు తక్కువున్న బిడ్డ పొట్టలో నల్లటి చిన్న గుండ్రంగా మూత్రసంచి కనిపిస్తోందా? ఆ క్షణంలో కనిపించకపోతే బిడ్డ అప్పుడే మూత్రం పోసి ఉండొచ్చు. కొద్దిసేపు ఆగి మళ్లీ చూడాలి. స్కాన్ మొత్తం అయినా నిండకపోతే అది లెక్కలోకి వస్తుంది.

నీరు పూర్తిగా పోయిన సంచి పొర బిడ్డ ఒంటికి చుట్టుకుపోతుంది. అప్పుడు తెర మీద పొరే కనిపించదు. అనుభవం తక్కువున్న చోట "సంచి ఒకటే, నీరు బాగానే ఉంది" అని రాసేసే ప్రమాదం ఇక్కడే. ముందు స్కాన్‌లో పొర ఉంది, ఇప్పుడు లేదు అంటే ఆగాల్సిందే. ఒక బిడ్డ గర్భసంచి గోడకు అతుక్కున్నట్టుండి, మీరు పక్కకు తిరిగినా చోటు మారకపోతే అనుమానం ఇంకా బలపడాలి.

తీవ్రత చెప్పడానికి 1999లో రూబెన్ క్వింటెరో బృందం ఇచ్చిన ఐదు దశలే ఇప్పటికీ వాడుతున్నారు. మొదటి దశలో నీటి తేడా ఉన్నా ఇచ్చే బిడ్డ మూత్రసంచి కనిపిస్తుంది. రెండో దశలో కనిపించదు. మూడో దశలో డాప్లర్‌లో, అంటే నాళాల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్‌లో, రక్తప్రసరణ బాగా దెబ్బతిన్నట్టు తేలుతుంది. నాలుగో దశలో బిడ్డ ఒంట్లో నీరు చేరుతుంది. ఐదో దశ అంటే ఒకరో ఇద్దరో పోవడం. ఈ దశలు వరుసగా రావాలన్న నియమం లేదు. మొదటి దశలో ఉన్నది అక్కడే ఆగిపోవచ్చు, తగ్గిపోవచ్చు, వారంలో మూడో దశకు దూకనూ వచ్చు. అందుకే మొదటి దశ అన్నప్పుడు చాలాచోట్ల వెంటనే ఏమీ చేయకుండా, వారానికోసారో ఇంకా దగ్గరగానో స్కాన్ చేస్తూ చూస్తారు.

రెండో దశ నుంచి, 26 వారాల లోపు అయితే, చికిత్స లేజర్. తల్లి పొట్ట మీద చిన్న గాటు గుండా సన్నటి కెమెరా పంపి, మాయ మీద ఇద్దరినీ కలిపే నాళాలను లేజర్‌తో మూసేస్తారు. 2004లో వెలువడిన యూరోఫీటస్ పరిశోధనలో, లేజర్ చేసినవాళ్లలో కనీసం ఒక బిడ్డ 28 రోజులు దాటి బతికింది 76 శాతం గర్భాల్లో. ఉబ్బిన సంచిలోంచి ఊరికే నీరు తీసినవాళ్లలో 56 శాతం. అప్పటి నుంచి నీరు తీయడం వెనక్కి పోయింది. ఏమీ చేయకుండా వదిలేస్తే, తీవ్రమైన టీటీటీఎస్‌లో ఇద్దరినీ పోగొట్టుకోవడమే ఎక్కువ.

ఈ లేజర్ చేసే కేంద్రాలు మన దేశంలో తక్కువ. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి నగరాల్లో కొద్ది చోట్లే ఉన్నాయి. మీ డాక్టర్‌ని 16వ వారంలోనే, అంతా బాగున్నప్పుడే అడగండి: "అవసరమైతే మమ్మల్ని ఎక్కడికి పంపుతారు? అక్కడ ఎవరితో మాట్లాడాలి?" ఆ ఫోన్ నంబర్ ఫైలు అట్ట మీదే రాసి పెట్టుకోండి. శనివారం సాయంత్రం రిపోర్టు తేడా వచ్చాక వెతుక్కోవడం కంటే ఇది చాలా నయం.

స్కాన్ల మధ్యలో మీ పొట్టే మీకు చెబుతుంది. వారం పది రోజుల్లో పొట్ట ఉన్నట్టుండి పెరిగిపోవడం, చర్మం బిగుసుకుపోవడం, పడుకుంటే ఊపిరి అందకపోవడం, పొట్ట గట్టిపడుతూ ఉండటం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి స్కాన్ తేదీ దాకా ఆగకండి, అదే రోజు వెళ్లండి. "కవలలు కదా, పొట్ట పెద్దగానే ఉంటుంది" అన్న ఓదార్పు ఈ గర్భంలో వినకూడనిది.

బరువుల తేడా: చిన్న కూడికలు, తీసివేతలు

మాయను ఇద్దరూ సగం సగం పంచుకోవాలని లేదు. ఒకరికి ముప్పాతిక, ఇంకొకరికి పావు వాటా వస్తే, చిన్న వాటా బిడ్డ ఎదుగుదల వెనకపడుతుంది. ఇదీ ఒకే మాయ గర్భాల్లో 10-15 శాతంలో కనిపించేదే.

లెక్క మీరే వేసుకోవచ్చు. పెద్ద బిడ్డ బరువులోంచి చిన్న బిడ్డ బరువు తీసేసి, వచ్చినదాన్ని పెద్ద బిడ్డ బరువుతో భాగించి, నూరుతో గుణించండి. ఒకరు 420 గ్రాములు, ఇంకొకరు 310 అనుకోండి. తేడా 110. దాన్ని 420తో భాగిస్తే 26 శాతం. నూటపది గ్రాములంటే ఏముందిలే అనిపిస్తుంది కానీ, 25 శాతం దాటితే, అందులోనూ చిన్న బిడ్డ బరువు ఆ వారానికి 10వ సెంటైల్ కంటే కిందుంటే (అంటే ఆ వారంలో ఉన్న నూరు మంది బిడ్డల్లో చివరి పది మందిలో ఉంటే), అది పట్టించుకోవాల్సిన తేడా. అదే 380, 340 అయితే పదిన్నర శాతమే, కంగారు అక్కర్లేదు. స్కాన్ బరువుల్లో అటూఇటూ 10-15 శాతం పొరపాటు సహజం కాబట్టి, ఒక్క స్కాన్ అంకె కంటే మూడు నాలుగు స్కాన్ల వరస ఎటు పోతోందన్నదే నమ్మదగింది. రిపోర్టుల్లోంచి ఇద్దరి బరువులూ తీసి ఒక నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుంటూ పోండి.

తేడా ఎక్కువుంటే బొడ్డుతాడు డాప్లర్ చూస్తారు. గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య కూడా రక్తం ముందుకు పారుతూ ఉండాలి. అలా ఉంటే ఒకటో రకం, ఫలితాలు బాగుంటాయి. ఆ మధ్య విరామంలో ప్రవాహం ప్రతిసారీ ఆగిపోతున్నా, వెనక్కి తిరుగుతున్నా రెండో రకం. దాన్ని రిపోర్టులో ఏఈడీఎఫ్, ఆర్ఈడీఎఫ్ అని రాస్తారు. ఒకసారి ఉండి, ఒకసారి లేకుండా మారుతుంటే మూడో రకం. ఈ మూడో రకం మోసకారి. చాలామంది బిడ్డలు బాగానే నెట్టుకొస్తారు, కొందరు మాత్రం ముందు ఏ సూచనా లేకుండా పోతారు. రెండు, మూడు రకాలైతే స్కాన్ వారానికోసారి, ఫీటల్ మెడిసిన్ నిపుణుల చేతుల్లో జరగాలి.

టీటీటీఎస్‌తో దీన్ని కలిపేయకండి. ఇక్కడ చిన్న బిడ్డకు నీరు తగ్గొచ్చు, కానీ పెద్ద బిడ్డ సంచి ఉబ్బదు.

నీరు బాగున్నా దాగి ఉండేది: టాప్స్

ఇద్దరినీ కలిపే నాళాలు మరీ సన్నగా ఉంటే రక్తం చుక్క చుక్కగా, నెమ్మదిగా అటు పోతుంది. నీటిలో తేడా రాదు. వారాలు గడిచేసరికి ఒకరికి రక్తహీనత, ఇంకొకరికి రక్తం చిక్కబడిపోవడం. 2006-07 ప్రాంతంలో నెదర్లాండ్స్ డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించి టాప్స్ అన్నారు. దానంతటది మూడు నుంచి ఐదు శాతం గర్భాల్లో వస్తుంది, లేజర్ చేయించుకున్న కొందరిలోనూ తర్వాత వస్తుంది.

దీన్ని పట్టించేది ఒక్కటే, మెదడులోని ఒక నాళంలో రక్తం వేగం. రిపోర్టులో 'ఎంసీఏ పీఎస్‌వీ' అని ఉంటుంది. రక్తం పలచబడితే వేగంగా పారుతుంది, చిక్కబడితే మెల్లగా. ఆ వారానికి ఉండాల్సిన సగటుతో పోల్చి 'ఎంఓఎం'లో రాస్తారు. ఒకరిది 1.5 దాటి, ఇంకొకరిది 1 కంటే, లేదా 0.8 కంటే, తగ్గితే అనుమానం. ఇప్పుడు ఇద్దరి మధ్య తేడా 0.5 దాటినా చాలంటున్నారు. రక్తం పలచబడిన బిడ్డ వైపు మాయ తెల్లగా లావుగా, రెండోవైపు పల్చగా కనిపించడం ఇంకో ఆనవాలు.

ఈ కొలతను 20 వారాల నుంచి ప్రతి స్కాన్‌లో తీయాలని అంతర్జాతీయ సంఘం అంటుంది. ఏ సమస్యా లేనివాళ్లకు అవసరం లేదని ఇంగ్లండ్ మార్గదర్శకం. నేను మొదటి వైపే. తెర మీద మరో రెండు నిమిషాల పని అది, వేరే ఏ కొలతా చెప్పని సంగతి చెబుతుంది. మీ రిపోర్టులో లేకపోతే అడగండి.

18 నుంచి 22 వారాలు: టిఫా, గుండె, గర్భసంచి ముఖద్వారం

టిఫా స్కాన్ అందరికీ తెలిసిందే. తెలంగాణలో 2022 నుంచి చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ టిఫా మెషిన్లున్నాయి. ఒకే మాయ కవలల్లో గుండె లోపాలు మామూలు కంటే ఎక్కువగా వస్తాయి. కాబట్టి టిఫాతో పాటు బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో కూడా చేయించండి, ఇద్దరికీ. అదే రోజు గర్భసంచి ముఖద్వారం పొడవు లోపలి నుంచి కొలిపించుకోండి. 25 మి.మీ. లోపు ఉంటే నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం ఎక్కువని ముందే తెలుస్తుంది. టిఫా బాగుందని రెండు వారాల స్కాన్లు ఆపేస్తారు కొందరు. టిఫా బిడ్డల అవయవాలు చూసే స్కాన్, మాయలో రక్తం ఎటు పారుతోందో ఆ తర్వాతి వారం మారిపోవచ్చు.

అరుదైనవాటి గురించి క్లుప్తంగా. సంచి కూడా ఒకటే అయితే బొడ్డుతాళ్లు చిక్కుపడటం దాదాపు అందరిలోనూ ఉంటుంది. ఆ మాట రిపోర్టులో చూసి బెంబేలు పడకండి, అది అనుకున్నదే. అయితే పర్యవేక్షణ ఇంకా దగ్గరగా ఉంటుంది, 32-34 వారాల మధ్య సిజేరియన్ చేస్తారు. నూటికి ఒక ఒకే మాయ గర్భంలో, గుండె లేని ఒక కవల రెండో బిడ్డ రక్తం మీద ఆధారపడి పెరుగుతుంటుంది. ట్రాప్ అంటారు. అది మూడో నెల స్కాన్‌లోనే పట్టుబడుతుంది, ఆలస్యం చేయకుండా నిపుణుల దగ్గరకు వెళ్లాలి.

ఒక బిడ్డ పోతే

రాయడానికి మనసొప్పని భాగం, కానీ ఇక్కడే ఇంటివాళ్లు తొందరపడతారు. "రెండో బిడ్డనైనా దక్కించుకుందాం, వెంటనే ఆపరేషన్ చేసేయండి" అంటారు. మాయ ఒకటే కాబట్టి ఒక బిడ్డ పోయిన క్షణంలోనే బతికున్న బిడ్డ రక్తం అటువైపు జారుతుంది. జరిగే నష్టం అప్పుడే జరిగిపోతుంది. తర్వాత హడావిడిగా బయటికి తీస్తే ఆ నష్టం తీరదు, పైగా నెలలు నిండని బిడ్డ కష్టాలు తోడవుతాయి. రెండో బిడ్డ కూడా పోయే ప్రమాదం సుమారు 15 శాతం, మెదడు దెబ్బతినే ప్రమాదం సుమారు 25 శాతం. కాబట్టి వెంటనే చేయాల్సింది ఎంసీఏ డాప్లర్‌తో రక్తహీనత చూడటం. ఆ తర్వాత 4 నుంచి 6 వారాలకు బిడ్డ మెదడుకు ఎంఆర్ఐ తీయించాలి. ఆ లోపు తీస్తే కొన్ని మార్పులు ఇంకా కనిపించవు.

పుట్టింటికి వెళ్లే ముందు

ఐదో నెలలోనో ఏడో నెలలోనో సీమంతం చేసి పుట్టింటికి పంపడం మన ఆనవాయితీ. ఒకే మాయ గర్భంలో ఇదొక బలహీనమైన చోటు. హైదరాబాద్‌లో చూసే డాక్టర్ ఒకరు, నరసాపురంలోనో నిర్మల్‌లోనో చూసేవాళ్లు ఇంకొకరు. పాత రిపోర్టులు బీరువాలో ఉండిపోతాయి, మధ్యలో ఒక స్కాన్ తప్పిపోతుంది. వెళ్లడం తప్పకపోతే ముందు అక్కడి స్కాన్ సెంటర్‌కు ఫోన్ చేసి ఒకే మాయ కవలలకు డాప్లర్ చేస్తారో లేదో కనుక్కోండి, తేదీ ఖాయం చేసుకున్నాకే బయల్దేరండి. అన్ని రిపోర్టులూ, మూడో నెల ఫొటో, బరువుల నోట్‌బుక్ ఒకే ఫైల్లో ఉండాలి. ప్రతి సెంటర్‌లో పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ఫారం-ఎఫ్ నింపాలి కాబట్టి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. నా మట్టుకు, 28 వారాల లోపు వీలైతే ఊరు మారకపోవడమే మేలు. సీమంతానికి అమ్మవాళ్లే ఇటు రావచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ స్కాన్లు ఎంఎఫ్ఎం డాక్టర్, అంటే ప్రమాదం ఎక్కువున్న గర్భాలు చూసే నిపుణుల దగ్గర జరుగుతాయి. మామూలు ఓబీ (కాన్పుల డాక్టర్) దగ్గరే నెలకోసారి చూపించుకుంటుంటే, రెఫరల్ మీరే అడిగి తీసుకోండి.

కాన్పు దగ్గరపడ్డాక

ఏ సమస్యా లేని ఎంసీడీఏ కవలలకు 36 వారాలు నిండాక, 37 లోపు కాన్పు చేస్తారు. నెలలు పూర్తిగా నిండనివ్వండి అని పట్టుబట్టకండి. ముహూర్తం పెట్టించుకునేవాళ్లు ఆ కొద్ది రోజుల్లోనే చూసుకోవాలి. కింద ఉన్న బిడ్డ తల కిందికి ఉంటే మామూలు కాన్పూ సాధ్యమే, సిజేరియన్ తప్పనిసరి కాదు. చివరి స్కాన్‌లో ఆ బిడ్డ ఎలా తిరిగి ఉందో రాయించుకోండి.

కాన్పు గదిలో చెప్పి ఉంచాల్సినవి రెండున్నాయి. పుట్టిన వెంటనే ఇద్దరికీ హిమోగ్లోబిన్ చూడాలి. ఒకరు పాలిపోయి, ఇంకొకరు ఎర్రగా కందినట్టుంటే మరీ ముఖ్యం, స్కాన్‌లో దొరకని టాప్స్ అక్కడ బయటపడుతుంది. మాయను వెంటనే పారేయకుండా పరీక్షకు పంపమనండి. లేజర్ జరిగినా, బరువుల్లో పెద్ద తేడా ఉన్నా, ఒక బిడ్డ పోయినా, పుట్టిన బిడ్డలకు మొదటి వారంలోనే తల అల్ట్రాసౌండ్ చేయించి, ఆ రిపోర్టునూ అదే ఫైల్లో పెట్టి పిల్లల డాక్టర్‌కు ఇవ్వండి.